కరోనా మహమ్మారి – సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు – రైతాంగం

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతుల్లో 2023 అక్టోబరులో చేసిన ప్రసంగ పాఠం)

మన తరగతుల్లో మామూలుగా గిట్టుబాటు ధర, కౌలు రైతుల కార్డులు, కరెంటు, బ్యాంకు అప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈ పూట ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల మీద, కరోనా వాటిని ఏం చేసిందన్న దాని మీద మాట్లాడమని సంఘం నాకు చెప్పింది. న్యూయార్కులో రాసుకున్న కాగితంతో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. ఆ కాగితంలో ఉన్న మాటలకు మన ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. ఒప్పుకున్న మాట ఎంతవరకు వచ్చిందని అడిగే హక్కు మనకుంది.

2015 సెప్టెంబరులో 193 దేశాలు కలిసి 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. 2030 నాటికి వాటిని చేరాలన్నారు. మొదటిది పేదరికం లేకుండా చేయడం. రెండోది ఆకలి లేకుండా చేయడం. ఈ రెండో లక్ష్యం కింద మనకు సూటిగా తగిలే మాట ఒకటుంది. 2030 నాటికి చిన్న రైతులు, మహిళా రైతులు, ఆదివాసీలు, పశుపోషకులు, మత్స్యకారుల ఉత్పాదకతను, ఆదాయాన్ని రెట్టింపు చేయాలి, వాళ్ళకు భూమి, పరపతి, మార్కెట్టు అందేలా చూడాలి అన్నది ఆ మాట. మన దేశంలో ప్రధానమంత్రి ఇంకా ముందుకెళ్ళి, 2022 నాటికే రైతు ఆదాయం రెట్టింపు చేస్తామని 2016లో ప్రకటించారు. 2022 వచ్చింది, వెళ్ళింది. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటా వినపడడం లేదు.

2015 నుంచి 2030 వరకు 15 ఏళ్ళ ప్రయాణంలో మనం సగం దాటాం. మొన్న సెప్టెంబరు 18, 19 తేదీల్లో దేశాధినేతలు న్యూయార్కులో కూర్చుని లెక్క చూసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఈ ఏడాది ఇచ్చిన నివేదిక ప్రకారం లెక్క తేలే సుమారు 140 అంశాల్లో సరైన దారిలో ఉన్నవి 12 శాతమే. సగానికి పైగా దారి తప్పాయి. సుమారు 30 శాతం అంశాల్లో కదలికే లేదు, లేదా 2015లో ఉన్న చోటి కంటే వెనక్కి పోయాయి.

ఎందుకిలా జరిగిందంటే ముందుగా వచ్చే జవాబు కరోనా. అందులో నిజం ఉంది. కానీ అది సగం నిజమే. మిగతా సగం తెలుసుకోకపోతే రేపు ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు మళ్ళీ ఇదే జరుగుతుంది.

కరోనాకు ముందు పరిస్థితి

ప్రపంచంలో ఆకలితో ఉన్నవారి సంఖ్య ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చి, 2015 ప్రాంతంలోనే తగ్గడం ఆగిపోయింది. యుద్ధాలు, కరువులు, ఆర్థిక మందగమనం దానికి కారణాలు. అంటే మహమ్మారి వచ్చేనాటికే బండి నిలిచిపోయింది.

మన రైతుల సంగతి చూడండి. కేంద్ర ప్రభుత్వమే చేయించిన జాతీయ నమూనా సర్వే 2018–19 లెక్క ఇది. దేశంలో సగటు వ్యవసాయ కుటుంబానికి నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో కూలి మీద వచ్చింది 4,063 రూపాయలు, పంట మీద మిగిలింది 3,798 రూపాయలు. రైతు కుటుంబం అని పేరే గాని, పంట కంటే కూలి మీద వచ్చేదే ఎక్కువ. అప్పు చూస్తే దేశ సగటు 74,121 రూపాయలు. తెలంగాణలో 1 లక్షా 52 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2 లక్షల 45 వేలు, అది దేశంలోనే అత్యధికం. రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 90కి పైగా వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి.

ఈ లెక్కను గుర్తు పెట్టుకోండి. కరోనా వచ్చింది ఈ ఇంటికి. అప్పుతో కుంగి, కూలి డబ్బు కలిస్తేనే పొయ్యి వెలిగే ఇంటికి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

మహమ్మారి ఊళ్ళోకి ఎలా వచ్చింది

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. నాలుగు గంటల వ్యవధి. అప్పుడు పొలాల్లో ఏముందో మీకు తెలుసు. యాసంగి వరి కోతకు వస్తోంది. మిర్చి ఏరుతున్నారు. మామిడి, బత్తాయి, పుచ్చ, అరటి చేతికొచ్చే రోజులు.

రోగం ఇంకా పల్లెకు రాకముందే దాని దెబ్బ పల్లెకు వచ్చింది. లారీలు ఆగాయి. మార్కెట్ యార్డులు మూశారు. హోటళ్ళు, పెళ్ళిళ్ళు, గుళ్ళు మూతపడేసరికి టమాటా, పూలు, అరటి కొనే నాథుడు లేడు. కోత కూలీ కూడా రాదని కొందరు తోటలు అలాగే వదిలేశారు. కోళ్ళు తింటే కరోనా వస్తుందన్న పుకారుతో అంతకు ముందే కోళ్ళ రైతులు మునిగారు. ఎగుమతులు ఆగి కోస్తాలో రొయ్యల ధర పడిపోయింది.

రెండో దెబ్బ కూలి మీద పడింది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి నగరాలకు పోయిన మన పిల్లలు పని పోగొట్టుకుని తిరిగొచ్చారు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీదే వారాల తరబడి చిక్కుకుపోయారు. ఛత్తీస్‌గఢ్ నుంచి మన మిర్చి కోతలకు వచ్చిన ఆదివాసీ కూలీలు అడవి దారిన కాలినడకన బయల్దేరారు. ఇల్లు చేరకుండానే దారిలో ప్రాణాలు విడిచిన పసివాళ్ళున్నారు. మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు వెళ్ళింది. అదే నెలలో బీహార్ నుంచి రైస్ మిల్లుల హమాలీలను రైల్లో లింగంపల్లికి తెచ్చుకోవలసి వచ్చింది. వాళ్ళ చేతులు లేకపోతే మన ధాన్యం బస్తా కదలదని ఆ రోజు అందరికీ తెలిసింది.

ఆ ఏడాది ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి దాదాపు 24 శాతం పడిపోయిందని మొదటి లెక్కలు చెప్పాయి. అదే మూడు నెలల్లో వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది. దేశాన్ని రైతే నిలబెట్టాడని పేపర్లన్నీ రాశాయి. మంచిదే. కానీ ఒక మెలిక ఉంది. అది పండిన పంట లెక్క. రైతు జేబులోకి వచ్చిన డబ్బు లెక్క కాదు. పంట పెరిగి ధర పడిపోతే ఉత్పత్తి లెక్కలో వృద్ధి కనపడుతుంది, ఇంట్లో అప్పు పెరుగుతుంది.

ఇంకో సంగతి. వ్యవసాయం మీద ఆధారపడినవారు 2018–19లో పనిచేసేవాళ్ళలో నూటికి 42 మంది ఉంటే, 2020–21 నాటికి 46 మంది దాటారు. ఏ దేశంలోనైనా అభివృద్ధి జరుగుతుంటే ఈ సంఖ్య తగ్గుతుంది. మనకు పెరిగింది. ఉన్న ఎకరం రెండెకరాల మీద ఇంకో ఇద్దరు వచ్చి పడ్డారు. వెనక్కి పోవడమంటే ఇదే.

ప్రపంచంలో ఏం జరిగింది

మనకు జరిగిందే తక్కిన పేద దేశాల్లోనూ జరిగింది. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో కటిక పేదరికంలోకి కొత్తగా సుమారు 7 కోట్ల మంది జారిపోయారు. లెక్కలు కట్టడం మొదలుపెట్టాక ఒక్క ఏడాదిలో ఇంత పెరుగుదల ఎన్నడూ లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కలో 2022లో ఆకలితో ఉన్నవారు 69 కోట్ల నుంచి 78 కోట్ల మధ్య. 2019 కంటే ఇది 12 కోట్లకు పైగా ఎక్కువ. 2030లో కూడా సుమారు 60 కోట్ల మంది ఆకలితోనే ఉంటారని ఆ సంస్థే చెబుతోంది. ఆకలి లేని లోకం అని గడువు పెట్టుకున్న ఏడాది అది. పాలు, పప్పు, కూరగాయలతో ఆరోగ్యంగా తినే స్తోమత లేనివారు 2021లో 310 కోట్లు. వాళ్ళలో ఆ పాలు పిండేవాళ్ళు, ఆ పప్పు పండించేవాళ్ళు కూడా ఉన్నారు.

బడులు మూతపడి 160 కోట్ల మంది పిల్లల చదువు దెబ్బతింది. మన దగ్గర స్మార్ట్‌ఫోను లేని ఇంటి పిల్లలు పత్తి చేలోకి, పశువుల వెంటా పోయారు. బడితో పాటు మధ్యాహ్న భోజనం పోయింది. ఆడపిల్లలకు తొందరపడి పెళ్ళిళ్ళు చేసిన ఊళ్ళు మీకు తెలుసు. చదువు, ఆకలి, స్త్రీల సమానత్వం కాగితం మీద వేర్వేరు లక్ష్యాలు. ఇంట్లో మాత్రం అవన్నీ ఒకే పిల్ల బతుకు.

మరి అందరూ నష్టపోయారా? లేదు. మహమ్మారి వచ్చిన మొదటి రెండేళ్ళలో ప్రపంచంలోని పదిమంది అత్యంత సంపన్నుల ఆస్తి రెట్టింపయిందని ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్క కట్టింది. టీకా విషయం చూడండి. టీకాల మీద పేటెంట్లు పక్కన పెట్టమని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. ఒక నిర్ణయం రావడానికి 2022 జూన్ దాకా పట్టింది, అదీ కోరినంత కాదు. ఈలోగా 2021 ఆఖరుకు నిరుపేద దేశాల్లో నూటికి పదిమందికి కూడా ఒక్క డోసు పడలేదు. ఎవరినీ వెనక వదిలేయబోమన్నది ఈ లక్ష్యాలు పెట్టుకున్నప్పుడు చేసిన ప్రతిజ్ఞ. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ ప్రతిజ్ఞ ఇలా నిలబడింది.

మనల్ని కాపాడింది ఏది

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. ఇంత జరిగినా మన దేశంలో పెద్ద కరువు చావులు రాకుండా ఆపింది ఏది? మూడు పేర్లు చెబుతాను.

మొదటిది ధాన్యం నిల్వ. 2020 ఏప్రిల్ 1 నాటికి భారత ఆహార సంస్థ గోదాముల్లో 7 కోట్ల టన్నులకు పైగా బియ్యం, గోధుమలు ఉన్నాయి. రెండోది రేషన్ షాపు. ఆ నిల్వ ఉండబట్టే 80 కోట్ల మందికి మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా ఇవ్వగలిగారు. మూడోది ఉపాధి హామీ. 2020–21లో 11 కోట్ల మందికి పైగా ఆ పనికి వచ్చారు, దాదాపు 389 కోట్ల పనిదినాలు జరిగాయి. నగరం తరిమేసిన మనిషిని ఊళ్ళో పట్టుకున్నది గడ్డపార, తట్ట.

తెలంగాణలో ఆ యాసంగిలో ఊళ్ళలోనే కేంద్రాలు పెట్టి 60 లక్షల టన్నులకు పైగా వడ్లు కొన్నారు. గోనె సంచులు చాలక, తరుగు పేరుతో కోతలు పడి, వర్షానికి తడిసి మనం ఎన్ని అవస్థలు పడ్డామో, ఎన్ని ధర్నాలు చేశామో నేను మరచిపోలేదు. అయినా కొనుగోలు కేంద్రం ఉన్న వరి రైతు నిలబడ్డాడు, అది లేని బత్తాయి రైతు, టమాటా రైతు పడిపోయాడు. ఒకే ఊళ్ళో, ఒకే నెలలో, పక్కపక్క చేలల్లో కనపడిన తేడా ఇది.

ఇప్పుడు చెప్పండి. ఈ మూడు వ్యవస్థల గురించి కరోనాకు ముందు పాలకులు ఏమన్నారు? 2015 జనవరిలో శాంతకుమార్ కమిటీ ఆహార భద్రత చట్టం కింద లబ్ధిదారులను 67 శాతం నుంచి 40 శాతానికి తగ్గించమంది. గింజల బదులు నగదు ఇచ్చే దారికి పోవాలంది. ప్రభుత్వాలు ధాన్యం కొని నిల్వ చేయడం మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఈ రోజుకీ పేచీ పెడుతున్నారు. ఆ సలహాలన్నీ పూర్తిగా విని ఉంటే 2020లో గోదాములు ఖాళీగా ఉండేవి.

కష్టకాలం గడిచాక ఏం చేశారు? ఉపాధి హామీకి 2020–21లో లక్షా 11 వేల కోట్ల దాకా ఖర్చయింది. ఈ 2023–24 బడ్జెట్‌లో పెట్టింది 60 వేల కోట్లు. కూలి రోజుకు 272 రూపాయలు. పైగా ఈ జనవరి నుంచి రెండు పూటలా ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. సిగ్నల్ లేకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు.

లాక్‌డౌన్‌లో, జనం గుమిగూడకూడదన్న రోజుల్లోనే, 2020 జూన్ 5న మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చారు. సెప్టెంబరులో చట్టాలు చేశారు. నవంబరు 26 నుంచి రైతాంగం ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుంది. ఏడాదికి పైగా చలిలో, ఎండలో, కరోనా రెండో అల మధ్య కూర్చుంది. 700 మందికి పైగా రైతులు ప్రాణాలు కోల్పోయారని సంయుక్త కిసాన్ మోర్చా చెప్పింది. 2021 నవంబరులో చట్టాలు వెనక్కి పోయాయి. కనీస మద్దతు ధరకు చట్టబద్ధత మాత్రం ఇప్పటికీ రాలేదు.

శ్రీలంక చెప్పే పాఠం

సుస్థిర అభివృద్ధి అన్న మాటను ఎలా వాడకూడదో మన పక్క దేశమే చూపించింది. శ్రీలంకకు డాలర్లు తెచ్చేది పర్యాటకం, టీ, విదేశాల్లో ఉన్నవాళ్ళు పంపే డబ్బు. 2018లో ఆ దేశానికి 23 లక్షల మంది పర్యాటకులు వచ్చారు. 2021లో వచ్చింది 2 లక్షల లోపే. అప్పటికే నెత్తిన విదేశీ అప్పుంది. ఎరువుల దిగుమతికి డాలర్లు లేవు.

పదేళ్ళలో దేశాన్ని సేంద్రియ సేద్యానికి మారుస్తామని అధ్యక్షుడు ఎన్నికల్లో చెప్పి ఉన్నాడు. పదేళ్ళ పనిని ఒక్క ఉత్తర్వుతో చేయబోయారు. 2021 మే నుంచి రసాయన ఎరువుల, పురుగుమందుల దిగుమతి నిషేధించారు. బదులు వాడడానికి అంత సేంద్రియ ఎరువు దేశంలో లేదు. రైతుకు శిక్షణ లేదు. వరి దిగుబడి పడిపోయింది. బియ్యంలో స్వయంపోషకంగా ఉన్న దేశం బియ్యం దిగుమతి చేసుకుంది. టీ కూడా దెబ్బతింది. నవంబరులో నిషేధం ఎత్తేశారు గాని, సీజన్ పోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి వచ్చారు, అధ్యక్షుడు దేశం విడిచిపోయాడు.

సేంద్రియ సేద్యం తప్పని దీని అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా, ఇష్టపడిన రైతులతో, కొద్దికొద్దిగా ప్రకృతి సేద్యం నడుస్తోంది. నేలకు మంచి చేసే పనికి కాలం కావాలి, పెట్టుబడి కావాలి, మధ్యలో దిగుబడి తగ్గితే ఆ నష్టం ఎవరు భరిస్తారో ముందే తేలాలి. ఖజానా ఖాళీ అయిన రోజున పర్యావరణం పేరు చెప్పి ఆ భారం రైతు మీద పడేయకూడదు.

మన ఎరువుల సంగతీ అదే. మహమ్మారితో సరఫరా దెబ్బతిని, ఆపైన 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి, ప్రపంచమంతా ఎరువుల ధరలు మండాయి. మన దగ్గర పొటాష్ బస్తా 1,700 రూపాయల దాకా పోయింది. చాలామంది పొటాష్ మానేసి యూరియాతో సరిపెట్టుకున్నారు. భూసారం గురించి చెప్పే ఉపన్యాసాలు ఆ ధర దగ్గర పని చేయవు.

మనం చేయవలసింది

2030కి ఇంకా ఏడేళ్ళుంది. ఆ లోపు ఇంకో ఉపద్రవం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది రోగమే కానక్కర్లేదు, వరస కరువు కావచ్చు, తుపాను కావచ్చు. అందుకే మన డిమాండ్లను రేపటి రక్షణగా కూడా జనానికి చెప్పాలి.

ఒకటి. సమగ్ర ఉత్పత్తి ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర, దానికి చట్టబద్ధత. గత నెల 28న మనల్ని విడిచిపోయిన డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లోనే ఖర్చు మీద 50 శాతం ఇవ్వాలని చెప్పింది. కొనుగోలు వరికే పరిమితం కాకూడదు. కంది, పెసర, జొన్న, కొర్ర కూడా కొని రేషన్‌లో ఇస్తే రైతుకు ధర, పేద పిల్లకు పోషణ, భూగర్భ జలానికి ఊరట, మూడూ దొరుకుతాయి. ఇది చిరుధాన్యాల సంవత్సరమని ప్రభుత్వమే చెబుతోంది కదా, కొనమని అడుగుదాం.

రెండు. కౌలు రైతుకు గుర్తింపు. కరోనా రోజుల్లో పీఎం కిసాన్ రెండు వేలు ముందుగా వేశారు, రైతుబంధు వేశారు. రెండూ పట్టా ఉన్నవారికే. పొలంలో ఉన్నవాడికి అందలేదు. ఏ ఊళ్ళో ఎంతమంది కౌలుదార్లు ఉన్నారో జాబితా మన శాఖల దగ్గర ఉండాలి.

మూడు. ఉపాధి హామీకి ఏడాదికి 200 రోజులు, రోజుకు 600 రూపాయల కూలి. దీన్ని వ్యవసాయ కార్మిక సంఘంతో కలిసి అడగాలి. కూలి పెరిగితే రైతు నష్టపోతాడని చెప్పేవాళ్ళకు ఆ సర్వే లెక్క చూపండి. చిన్న రైతు ఇంట్లోకి పంట కంటే కూలి డబ్బే ఎక్కువ వస్తోంది.

నాలుగు. పాడైపోయే పంటలకు రక్షణ. టమాటా, బత్తాయి, మామిడి, అరటి పండే మండలాల్లో శీతల గిడ్డంగులు, ధర పడినప్పుడు ప్రభుత్వం దిగి కొనే ఏర్పాటు ఉండాలి.

ఐదు. వలస కూలీల రక్షణ. మన మిర్చి చేలల్లో, మన మిల్లుల్లో పనిచేసే బయటి రాష్ట్రాల వాళ్ళకు ఇక్కడే రేషన్, ఇక్కడే వైద్యం. మన పిల్లలకు బయట ఏం కావాలని కోరతామో, ఇక్కడికి వచ్చినవాళ్ళకూ అదే.

మిత్రులారా, ఈ తరగతుల నుంచి వెళ్ళాక ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలి. మీ ఊళ్ళో రేషన్ కార్డు లేని ఇళ్ళు ఎన్ని, జాబ్ కార్డు ఉండి పని దొరకనివాళ్ళు ఎందరు, కౌలుదార్లు ఎందరు, కరోనాలో బడి మానేసి మళ్ళీ వెళ్ళని పిల్లలు ఎందరు, నాలుగూ రాసుకోండి. వాటిని మండల కమిటీకి పంపండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం ముందు పెట్టి జవాబు అడగండి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే పాలకులకు, ఇల్లు చల్లగా ఉన్నప్పుడే బావి తవ్వాలని చెప్పవలసింది మనమే.

సెలవు.